1500లో సార్థక అంకెలు రెండా, నాలుగా? కాలిక్యులేటర్ చూపించినవన్నీ ఎందుకు రాయకూడదు?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ. ప్రాక్టికల్స్‌లో ఒక లోహపు ముక్క ద్రవ్యరాశి 2.50 గ్రాములు, ఘనపరిమాణం 1.05 ఘన సెంటీమీటర్లు వచ్చాయి. సాంద్రత కోసం భాగిస్తే కాలిక్యులేటర్ 2.380952381 అని చూపించింది. మీరు ఉన్నదున్నట్టు దించేశారు, ఒక మార్కు పోయింది. పక్కవాళ్లు 2.4 అని రాశారు, వాళ్లకీ పోయింది. ఎక్కువ రాస్తే తప్పు, తక్కువ రాస్తే తప్పు అయితే ఎంత రాయాలి? 1500లో సార్థక అంకెలు ఒక పుస్తకంలో రెండు, ఇంకో పుస్తకంలో నాలుగు అని ఎందుకు ఉంది? మధ్యలో ఈ 10 పవర్ల గోల ఏమిటి?

ముందు జవాబు చెప్పేస్తాను. మీరు రాయాల్సింది 2.38. సార్థక అంకెలంటే ఒక కొలతలో మనకు నిజంగా తెలిసిన అంకెలు. కొలిచిన రెండు విలువల్లోనూ అవి మూడేసి ఉన్నాయి కాబట్టి జవాబులోనూ మూడే ఉండాలి. ఇక 1500 అని ఊరికే రాస్తే అందులో ఎన్ని సార్థక అంకెలున్నాయో ఎవరూ కచ్చితంగా చెప్పలేరు. 1.5 × 10³ అని రాస్తే రెండు, 1.500 × 10³ అని రాస్తే నాలుగు. 10 పవర్లతో రాసే శాస్త్రీయ రూపం ఈ చిక్కును విప్పుతుంది. అందుకే మీరు అడిగిన మూడూ నా దృష్టిలో ఒకటే ప్రశ్న.

నేను ఇరవై ఏళ్లకు పైగా రసాయన విశ్లేషణ ల్యాబ్‌లో పనిచేశాను. తూకాలు, టైట్రేషన్లు, కొత్తగా చేరినవాళ్ల రికార్డులు దిద్దడం నా రోజువారీ పని. వాళ్లు చేసిన తప్పుల్లో చాలావరకు నేనూ అంతకుముందే చేసినవే. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

కొలతను అంకెల్లో రాసినప్పుడు మనం రెండు సంగతులు చెబుతున్నాం. ఎంత ఉందన్నది ఒకటి, అది మనకు ఎంతవరకు తెలుసన్నది రెండోది. 2.50 అంటే అసలు విలువ సుమారుగా 2.495కూ 2.505కూ మధ్య ఎక్కడో ఉందని. 1.05 అంటే 1.045కూ 1.055కూ మధ్య. ఇప్పుడు మీ లెక్కనే రెండు కొసల నుంచీ చేసి చూడండి. 2.495ను 1.055తో భాగిస్తే దాదాపు 2.365 వస్తుంది. 2.505ను 1.045తో భాగిస్తే 2.397 వస్తుంది. అంటే మీ లోహం సాంద్రత 2.36 కావచ్చు, 2.40 కూడా కావచ్చు. మూడో అంకె దగ్గరే ఊగిసలాట మొదలైపోయింది. ఇక ఆ వెనకున్న 0952381 ఎక్కడిది? భాగహారంలోంచి పుట్టిందే, మీ లోహపు ముక్కకు దానితో ఏ సంబంధమూ లేదు. మరోపక్క 2.4 అని రాస్తే 2.35 నుంచి 2.45 దాకా ఏదైనా కావచ్చని చెప్పినట్టు. కష్టపడి కొలిచి తెచ్చుకున్న సమాచారాన్ని మనమే పారేసుకున్నట్టు. అందుకే ఇద్దరికీ మార్కు పోయింది.

ఇక సున్నాల సంగతి. అందరూ పడేది ఇక్కడే. పుస్తకాల్లో నాలుగైదు సూత్రాలు బట్టీ పట్టిస్తారు, పరీక్ష అవగానే మరిచిపోతాం. నాకు పనికొచ్చిన పరీక్ష ఒక్కటే: యూనిట్ మారిస్తే ఆ సున్నా మాయమవుతుందా? 4.5 సెంటీమీటర్లను మీటర్లలో రాస్తే 0.045, కిలోమీటర్లలో రాస్తే 0.000045. స్కేలు అదే, కొలిచిన చెయ్యీ అదే. యూనిట్ పెద్దదయ్యేసరికి ముందు సున్నాలు వచ్చి చేరాయి. కాబట్టి అవి సార్థకం కావు, దశాంశ బిందువును దాని చోట నిలబెట్టడానికి వచ్చిన కూలీలు. అదే 4.5 సెంటీమీటర్లను మైక్రోమీటర్లలో రాస్తే 45000 అవుతుంది. ఈసారి వెనక మూడు సున్నాలు చేరాయి. వీటినీ ఎవరూ కొలవలేదు.

4.05లో ఉన్న సున్నా అలాంటిది కాదు. యూనిట్ ఎంత మార్చినా 4కూ 5కూ మధ్య నుంచి కదలదు. కాబట్టి అంకెల మధ్యలో ఉన్న సున్నా ఎప్పుడూ సార్థకమే. 4.50లో చివరి సున్నా కూడా అంతే. అవసరం లేకపోయినా ఎవరో కావాలని రాశారంటే, ఆ స్థానం చూశాం, అక్కడ సున్నాయే ఉంది అని చెబుతున్నారన్నమాట. ఈ లెక్కన 0.00450లో సార్థక అంకెలు మూడు.

తేల్చలేనిది ఒకే ఒక్క రకం: 1500 లాగా, దశాంశ బిందువు లేకుండా చివర్లో సున్నాలు ఉన్నవి. ఆ సున్నాలు కొలిచి రాసినవా, ఉజ్జాయింపుగా పెట్టినవా? చూస్తే తెలియదు. ఎవరెస్ట్ గురించి ఒక కథ చెప్పుకుంటారు. 1856లో ఆ శిఖరం ఎత్తు 29,002 అడుగులని ప్రకటించారు. లెక్కలో సరిగ్గా 29,000 వచ్చిందనీ, అలాగే చెబితే జనం సుమారు లెక్క అనుకుంటారని రెండడుగులు కలిపారనీ ఆ కథ. అందులో నిజం పాలు ఎంతైనా, బాధ మాత్రం అసలైనదే. అన్ని అంకెలూ కొలిచి తెచ్చినా చూసేవాడికి అది గుండ్రటి సంఖ్యలాగే కనిపిస్తుంది. 2.9000 × 10⁴ అని రాస్తే ఎవరికీ అనుమానం రాదు, రెండడుగులు కలపాల్సిన పనీ ఉండదు.

మా ల్యాబ్‌లో బ్యాలెన్స్ గ్రాములో పదివేలవ వంతు దాకా చూపించేది. కొత్తగా చేరిన ఒకరు తెర మీద 0.2500 అని కనిపిస్తే రికార్డులో 0.25 అని రాసేవారు. "సున్నాలే కదా సార్, విలువ మారలేదుగా" అన్నారు. విలువ మారని మాట నిజమే, సాక్ష్యం మారింది. తర్వాత ఆ రికార్డు చదివే మనిషి 0.25 చూసి ఇది ఏదో మోటు తూకం అనుకుంటాడు. దానిమీద కట్టిన ఏ ఫలితాన్నీ నాలుగు అంకెల దాకా నమ్మడు. నమ్మలేదు కూడా. ఆ వారం తూకాలన్నీ మళ్లీ వేయించాల్సి వచ్చింది.

ఇదే తప్పును స్ప్రెడ్‌షీట్ మనకు చెప్పకుండా చేస్తుంది. 2.50 అని కొడితే 2.5 అని చూపిస్తుంది. గడి ఫార్మాట్‌లో దశాంశ స్థానాలు ఎన్నో మనమే పెట్టుకోవాలి. ఇంకో ముచ్చట: 12 అంకెల నమూనా నంబరు ఏదైనా మామూలుగా కొడితే ఎక్సెల్ దాన్ని 10 పవర్ల రూపంలోకి మార్చి చూపిస్తుంది. 15 అంకెలు దాటితే తర్వాతి అంకెల్ని సున్నాలు చేసేస్తుంది కూడా. గుర్తింపు నంబర్లు కొలతలు కావు. వాటిని టెక్స్ట్‌గా పెట్టుకోండి.

శాస్త్రీయ రూపం ఎలా పనిచేస్తుందంటే, సంఖ్యను రెండు ముక్కలు చేస్తుంది. ముందు ముక్క 1 గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉండాలి, 10కి మాత్రం తక్కువగా ఉండాలి. మనకు ఎంతవరకు తెలుసో చెప్పేది అదే. రెండో ముక్క 10 పవర్, పరిమాణం ఏ స్థాయిలో ఉందో చెబుతుంది. సార్థక అంకెలు లెక్కపెట్టాలంటే ముందు ముక్క చూస్తే చాలు, అక్కడున్న ప్రతి అంకే సార్థకమే. సున్నాల సూత్రాలన్నీ ఇక్కడితో పక్కన పెట్టేయొచ్చు.

మరీ పెద్ద, మరీ చిన్న సంఖ్యలకు ఇది ఎంత సౌకర్యమో చెప్పనక్కర్లేదు. ఎలక్ట్రాన్ ద్రవ్యరాశి 9.11 × 10⁻³¹ కిలోగ్రాములు. దీన్ని మామూలుగా రాయాలంటే దశాంశ బిందువు తర్వాత 30 సున్నాలు పెట్టి అప్పుడు 9 రాయాలి. ఒక సున్నా జారితే పది రెట్ల తప్పు. క్రీస్తుకు పూర్వం మూడో శతాబ్దంలో ఆర్కిమెడీస్ విశ్వమంతా నిండటానికి ఎన్ని ఇసుక రేణువులు కావాలో లెక్కకట్టాలనుకున్నాడు. అప్పటి గ్రీకు భాషలో పదివేలకు మించి పేరే లేదు. పాపం, ముందు పెద్ద సంఖ్యలకు పేర్లు పెట్టే పద్ధతి కనిపెట్టుకుని, తర్వాత లెక్క చేశాడు. ఆయనకు వచ్చిన పరిమితిని మనం ఇప్పుడు 10⁶³ అని ఒక్క ముక్కలో రాసేస్తున్నాం.

గుణకారం, భాగహారం ఈ రూపంలో తేలిక. ప్రోటాన్ ద్రవ్యరాశి 1.67 × 10⁻²⁷ కిలోగ్రాములు. ఎలక్ట్రాన్ కన్నా ఎన్ని రెట్లు? 1.67ను 9.11తో భాగిస్తే 0.183. పవర్లలో −27 లోంచి −31 తీసేస్తే 4. అంటే 0.183 × 10⁴. ముందు ముక్క 1 కన్నా తక్కువగా ఉంది కాబట్టి సరిచేయాలి. బిందువును ఒక స్థానం కుడికి జరిపితే ముందు ముక్క పది రెట్లయింది, అందుకని పవర్ ఒకటి తగ్గాలి: 1.83 × 10³. తక్కెడలా, ఒకవైపు లేస్తే రెండోవైపు దిగాలి. ఇది గుర్తుంటే బిందువు ఎటు జరపాలన్న టెన్షన్ ఉండదు. ఇక్కడే ఇంకోటి గమనించండి. అసలు నిష్పత్తి దాదాపు 1836, మూడంకెలకు కుదిస్తే 1.84 × 10³ కావాలి. మనకు 1.83 వచ్చింది. మూడేసి అంకెలతో మొదలుపెడితే మూడో అంకె ఊగుతుందని పైన చెప్పింది ఇదే.

కూడికలు, తీసివేతలు వచ్చేసరికి నియమం మారుతుంది. చాలామంది రెండింటినీ కలిపేస్తారు. గుణకార భాగహారాల్లో సార్థక అంకెలు ఎందులో తక్కువుంటే జవాబుకూ అన్నే. కూడికలు, తీసివేతల్లో మాత్రం ఎన్ని అంకెలన్నది చూడకూడదు, చివరి అంకె ఏ స్థానంలో ఉందో చూడాలి. ముందు పవర్లు సమానం చేసుకోండి. 3.2 × 10⁵కు 4.5 × 10³ కలపాలంటే రెండోదాన్ని 0.045 × 10⁵గా మార్చాలి. మొత్తం 3.245 × 10⁵ వస్తుంది, కానీ మొదటి సంఖ్య ఒక్క దశాంశ స్థానం దాకానే తెలుసు కాబట్టి జవాబు 3.2 × 10⁵. కలిపిన రెండోది ఎటు పోయిందంటారా? మొదటిదానిలో ఉన్న అనిశ్చితిలో కలిసిపోయింది.

తీసివేత ఇంకా ప్రమాదం. ఇది నా సొంత అనుభవం. ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది, ఒక పదార్థాన్ని కాల్చి ఎంత బూడిద మిగులుతుందో చూసే పరీక్ష. ఖాళీ క్రూసిబుల్ (కాల్చడానికి వాడే చిన్న గిన్నె) 25.4812 గ్రాములు, బూడిదతో 25.4837. తీసుకున్న నమూనా 1.0046 గ్రాములు. తేడా 0.0025ను నమూనా బరువుతో భాగించి బూడిద 0.2489 శాతం అని గర్వంగా రాశాను. తూకాలన్నీ ఐదారు అంకెల్లో ఉన్నాయి కదా, నాలుగంకెల జవాబుకు హక్కుందనుకున్నాను. మా పైఅధికారి ఏమీ అనలేదు, "ఆ క్రూసిబుల్ మళ్లీ తూచు" అన్నారంతే. ఈసారి 25.4835 వచ్చింది. శాతం 0.2289 అయింది! బ్యాలెన్స్ చివరి అంకె 7 నుంచి 5కి ఊగితే నా గొప్ప ఫలితంలో రెండో అంకే మారిపోయింది. ఆరేసి అంకెలున్న రెండు తూకాలు తీసివేసుకునేసరికి మిగిలినవి రెండే, 2, 5. రాయాల్సింది 0.25 శాతం. ఆ 5 కూడా అంత గట్టిది కాదు.

దీనికి మందు లెక్కలో లేదు, ప్రయోగంలోనే ఉంది. ఒక గ్రాముకు బదులు పది గ్రాముల నమూనా తీసుకుంటే బూడిద కూడా పది రెట్లు, అప్పుడు తేడాలో మూడంకెలు మిగులుతాయి. రెండు పెద్ద సంఖ్యల మధ్య చిన్న తేడా కోసం వెతుకుతున్నారంటే పరీక్ష మొదలుపెట్టక ముందే ఇది ఆలోచించుకోవాలి. అంకెలు తర్వాత పుట్టుకురావు.

రౌండాఫ్ గురించి క్లుప్తంగా. అది చివర్లో ఒక్కసారే చేయాలి, మధ్య మెట్లలో ఒకటి రెండు అంకెలు అదనంగా ఉంచుకోవాలి. 2.4467ను నేరుగా రెండంకెలకు కుదిస్తే 2.4. మెట్టుమెట్టుకీ చేస్తే 2.447, 2.45, చివరికి 2.5 అయి కూర్చుంటుంది. సరిగ్గా 5 దగ్గర ఆగినప్పుడు ఎప్పుడూ పైకే పోవాలని కొందరు, ముందున్న అంకె సరిసంఖ్య అయ్యేలా చేయాలని కొందరు చెబుతారు. రెండో పద్ధతిలో 2.345, 2.335 రెండూ 2.34 అవుతాయి. చాలా విలువలు కలిపేటప్పుడు తప్పులు ఒకే వైపు పేరుకోకుండా అది ఆపుతుంది, నేను దాన్నే వాడాను. మీ పుస్తకంలో ఏది ఉంటే అది పాటించండి, దీనిమీద గొడవ పడటం దండగ.

సార్థక అంకెల నియమం వర్తించని సంఖ్యలూ ఉన్నాయి. లెక్కపెట్టినవి, నిర్వచించినవి. ఐదు రీడింగుల సగటు కోసం 5తో భాగిస్తే జవాబు ఒక్క అంకెకు పడిపోదు, ఎందుకంటే ఆ 5 కొలత కాదు. అంగుళానికి 2.54 సెంటీమీటర్లన్నది నిర్వచనం, దాని వెనక ఎన్ని సున్నాలైనా ఉన్నట్టే. కాంతి వేగం సెకనుకు 299792458 మీటర్లు అని 1983లోనూ, అవొగాడ్రో సంఖ్య 6.02214076 × 10²³ అని 2019లోనూ నిర్వచనంగానే స్థిరపరిచారు. గురుత్వ స్థిరాంకం అలా కాదు. అది ఇప్పటికీ కొలిచి తెలుసుకోవాల్సిందే, 6.6743 × 10⁻¹¹లో ఐదో అంకె దగ్గరే అనుమానం మొదలవుతుంది. లెక్కల్లో కాంతి వేగాన్ని 3 × 10⁸ అని వేస్తారు కదా, మీ మిగతా విలువల్లో మూడంకెలుంటే 3.00 × 10⁸ అని రాయండి. అసలు విలువను మూడంకెలకు కుదిస్తే నిజంగానే అది వస్తుంది.

యూనిట్లు మార్చేటప్పుడు కూడా జాగ్రత్త. మనిషి శరీర ఉష్ణోగ్రత 37 డిగ్రీల సెల్సియస్ అన్నది 19వ శతాబ్దంలో జర్మన్ వైద్యుడు వుండర్‌లిష్ వల్ల స్థిరపడిన గుండ్రటి సగటు, రెండంకెల మాట. దాన్ని ఫారెన్‌హీట్‌లోకి మార్చితే 98.6 వచ్చింది. ఇప్పుడు థర్మామీటర్‌లో 98.8 కనిపించగానే జ్వరం అని కంగారుపడేవాళ్లున్నారు. ఆ పాయింటు 6 ఎవరి ఒంట్లోనూ కొలిచింది కాదు, గుణకారంలో పుట్టింది.

కాలిక్యులేటర్‌లో ఒక తప్పు తరచూ చూస్తాను. 6.02 × 10²³ కొట్టడానికి 6.02 నొక్కి, గుణకారం గుర్తు, 10 కూడా నొక్కి, ఆపైన ఎక్స్‌పొనెంట్ మీట (EXP అని ఉండేది) నొక్కుతారు. "గుణించు 10 పవర్" అన్నది ఆ మీటలోనే ఉంది, జవాబు పది రెట్లు పెరిగిపోతుంది. 6.02, ఆ మీట, 23. అంతే. రుణ పవర్ అయితే తీసివేత మీట కాదు, గుర్తు మార్చే మీట వాడాలి.

రసాయనశాస్త్రంలో పీహెచ్ లెక్కలు కూడా ఉంటాయి కాబట్టి ఇది కూడా: సంవర్గమానం (లాగ్) తీసినప్పుడు సార్థక అంకెలు బిందువు తర్వాతే లెక్కించాలి. పీహెచ్ అంటే హైడ్రోజన్ అయాన్ గాఢతకు లాగ్ తీసి గుర్తు మార్చినదే. హైడ్రోజన్ అయాన్ గాఢత 3.2 × 10⁻⁵ అయితే పీహెచ్ 4.49. ముందున్న 4 పవర్ నుంచి వచ్చింది, బిందువు తర్వాతి రెండంకెలే 3.2 నుంచి వచ్చాయి.

ఇంత చెప్పాక ఒక మాట ఒప్పుకోవాలి. సార్థక అంకెలు మోటు పనిముట్టు. 9.9లో రెండంకెలు, 10.1లో మూడు. కానీ రెండింటిలోనూ చివరి స్థానంలో ఒకటి అటూ ఇటూ అయితే తేడా దాదాపు ఒక శాతమే. నియమం మాత్రం ఒకదాన్ని రెండోదానికన్నా నాసిరకం అంటుంది. అందుకే నిజంగా ముఖ్యమైన ఫలితాలకు మేము 2.38 ± 0.02 అన్నట్టు అనిశ్చితిని పక్కనే రాసేవాళ్లం. అది రాసిన చోట అంకెలు లెక్కపెట్టే పని ఉండదు. అనిశ్చితి లెక్కలు మీకు పై తరగతుల్లో వస్తాయి, అప్పటిదాకా ఈ నియమాలతో బండి నడుస్తుంది.

పరీక్షలో 1500 అని ఊరికే ఇస్తే? ప్రశ్నలో వేరే సూచన లేకపోతే రెండంకెలుగా తీసుకోవడం ఎక్కువమంది పాటించే పద్ధతి. 1500 మీటర్లు అని "కొలిచారు" అంటే నాలుగు తీసుకోవాలని కొన్ని పుస్తకాలు చెబుతాయి, మీకు రెండు జవాబులు కనిపించింది బహుశా అందుకే. ఏది తీసుకున్నా "చివరి సున్నాలు సార్థకం కావని తీసుకున్నాను" అని ఒక వాక్యం రాయండి, దిద్దేవాళ్లకు మీ ఆలోచన తెలుస్తుంది. మీ సొంత రికార్డులో మాత్రం 10 పవర్లతోనే రాయండి.

ఇంకొకటి, మీ ప్రశ్నలో 2.380952381 పక్కన యూనిట్ కనిపించలేదు. రికార్డులో కూడా అలాగే ఉందేమో ఒకసారి చూసుకోండి. నేనైతే మార్కు ముందు దానికే కోసేవాణ్ని.